విద్యార్థివేతనము: దానమా, ఋణమా?

ఏటేట ఇంటర్మీడియేటు పరీక్షల ఫలితములు వెలువడి కళాశాలలలో ప్రవేశములు మొదలగు దినములలో, మా యలమంచిలిలో కొందఱము రసీదు పుస్తకము చేతబట్టుకొని ఇల్లిల్లు తిరుగుట అలవాటు. మాలో ముగ్గురు ఉపాధ్యాయులు, ఉద్యోగము విరమించిన రైల్వే గుమాస్తా యొకరు, బెల్లపు వర్తకు డొకరు, ఇంటిపనులు ముగించుకొని వచ్చు గృహిణులు నలుగురు కలరు. విజ్ఞానశాస్త్రము చదువగోరియు చేతిలో ధనము లేని విద్యార్థులకు, విద్యార్థినులకు వేతనము లిచ్చుటకై చందాలు కూర్చుట మా పని. ఇందు జీతము పుచ్చుకొనువా రెవ్వరును లేరు. యాబది రూపాయ లిచ్చిన వారికిని రసీదు వ్రాయుదుము. అయిదువేలిచ్చిన వారికిని అదే రసీదు వ్రాయుదుము.

ఒక సంవత్సర మొక చెఱకు రైతు గుమ్మమున నిలిచితిమి. ఆయన వయసు మీరినవాడు, మర్యాద తెలిసినవాడు. మమ్ము కూర్చుండబెట్టి, మంచినీళ్లిప్పించి, నెమ్మదిగా నొక ప్రశ్న వేసెను. "మాస్టారూ, ఇయ్యడానికేం గానీ, మన డబ్బుతో చదివినోడు రేపు ఏ అమెరికాకో ఎల్లిపోతాడు. ఊరికేటొస్తాది?"

మేమేవో నాలుగు మాటలు చెప్పితిమి. విద్య గొప్పదంటిమి, దేశము బాగుపడునంటిమి. ఆయన నవ్వి నూఱు రూపాయలిచ్చెను. కాని మా మాటలు మాకే రుచింపలేదు. ఆ ప్రశ్న న్యాయమైనది. కష్టపడి గడించినవాడు తన సొమ్మెచ్చటికి పోవునో అడుగుట తప్పుకాదు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును వెదకుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

విద్యార్థివేతనమును గుఱించి లోకమున రెండు తలంపులు వ్యాప్తిలో నున్నవి. మొదటిది పుణ్యదృష్టి. కలవాడు లేనివాని కిచ్చును. ఇచ్చినందున వానికి పుణ్యము, పుచ్చుకొన్నందున వీనికి కృతజ్ఞత. రెండవది లాభదృష్టి. బాలుని చదువున కొంత ధనము వేసితిమి. వాడు పెద్దవాడై మన ఊరికో, కులమునకో, దేశమునకో దానిని పెంచి తిరిగి ఇయ్యవలెను. మొదటి తలంపు పుచ్చుకొనువాని తల వంచును. రెండవది వాని కాలికి సంకెల వేయును. పైకి వేఱుగా కనుపించినను ఈ రెంటికిని మూల మొక్కటియే. సొమ్ము పూర్తిగా నాది, దానిని నేను నీకిచ్చుచున్నాను, కనుక నీవు నాకేదో బాకీపడితివి అనునదే ఆ మూలము. ఈ మూలము సత్యమా యని మేము విచారింపదలచితిమి.

మన పూర్వులు మనుష్యుడు పుట్టుకతోనే మూడు ఋణములతో పుట్టుచున్నాడని చెప్పిరి. దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను తీఱును. ఈ మాట తైత్తిరీయ సంహితలో కలదు. అచ్చట నది యొక వర్ణమును గుఱించియే చెప్పబడినదను సంగతిని దాచవలసిన పనిలేదు. కాని ఋణము పొందినవాడే ఋణి యన్నచో, ఋషుల సంపదనుండి పొందనివా డీ దినమున ఎవ్వడు? బడి మెట్టెక్కని కూలివాడును టీకా వేయించుకొన్నాడు, దీపము వెలిగించుచున్నాడు, తుపాను వచ్చుచున్నదను హెచ్చరిక విని పడవ ఒడ్డుకు తెచ్చుకొనుచున్నాడు. చూచినవారు, లెక్కించినవారు, పరీక్షించి తెలిసికొన్నదానిని దాచుకొనక లోకమునకు చెప్పినవారు ఋషులు. వారి పేళ్లు మన మెఱుగము. వారి శ్రమఫలమును మాత్రము ప్రతిదినమును అనుభవించుచున్నాము.

ఈ ఋణమున కొక విశేషము గలదు. అప్పిచ్చినవానికి దీనిని తిరిగి ఇయ్యలేము, వారు లేరు. ముందు వచ్చువారికే చెల్లింపవలెను. తాను చదువగలవాడు చదివి, చెప్పగలవాడు చెప్పి తీర్చుకొనును. ఆ రెండును చేయలేనివాడు చదువగల మఱియొకనికి త్రోవ చేసి తీర్చుకొనును. ఈ దృష్టితో చూచినచో వేతన మిచ్చువాడు దాత గాడు, ఋణి. పుచ్చుకొను విద్యార్థి యాచకుడు గాడు. మన బాకీని మన పక్షమున చెల్లించిపెట్టు ప్రతినిధి. ఇది మాటల గారడి యని కొంద రనవచ్చును. ఆచరణలో దీనివలన ఎంత భేదము కలుగునో చూపుటకు మన ఆంధ్రదేశపు చరిత్రనుండియే యొక యుదాహరణము తీసికొందము.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టెను. ఇంట లేమి, తండ్రి అనారోగ్యమున ఉద్యోగము విడిచినవాడు. బాల్యమున సుబ్బారావు, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము సంపాదింతునని ఇల్లు విడిచి బయలుదేరగా, దారినుండి పట్టితెచ్చి మరల బడికి పంపిరి. రాజమహేంద్రవరమున చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మదరాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను. అటుపిమ్మట ప్రెసిడెన్సీ కళాశాల, ఆపై మదరాసు వైద్యకళాశాల. వైద్యవిద్యకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును సాయపడిరి. స్వదేశోద్యమ ప్రభావమున ఖద్దరు అంగీ తొడిగి శస్త్రచికిత్సశాలకు పోయినందున ఆంగ్లేయాచార్యుని కోపమునకు గుఱియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదగు ఎల్.ఎం.యస్. యోగ్యతాపత్రముతో తృప్తి పడవలసివచ్చెను. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కొంతకాలము గడిపెను.

ఇట్టి యువకుని అమెరికాకు పంపిన ధన మెవ్వరిది? మామగారు కూర్చినది కొంత. కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయము చేయుదునని ఇచ్చిన మాట మఱికొంత. ఈ సత్యలింగనాయకరు కోరంగి ప్రాంతమున పేదయింట పుట్టి, రంగూనుకు వలసపోయి, ఓడరేవు వ్యాపారమున ధనము గడించి, ఆ యాస్తిలో పెద్దభాగమును విద్యాదులకై ధర్మముగా విడిచిన పుణ్యపురుషుడు. కూలికై సముద్రము దాటిన యొక పేదవాని కష్టార్జితము, విద్యకై సముద్రము దాటదలచిన మఱియొక పేదవానికి అండ యైనది. సుబ్బారావు 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను చేరెను. చేరినపిమ్మటయు సుఖము లేదు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపఱచు పనిచేసి పగలు చదివెను.

ఇప్పుడు మేము మా సంఘమును, ఇట్టి సంఘములు నడుపు మిత్రులను ఒక ప్రశ్న యడుగుచున్నాము. ఈ బాలుని దరఖాస్తు మన బల్లమీదికి వచ్చియుండినచో మనము వేతన మిచ్చియుందుమా? మార్కులు చూతుము; రెండుమార్లు తప్పినవాడు. నడవడి విచారింతుము, ఇల్లు విడిచి పాఱిపోయినవాడు, ఉపాధ్యాయుని కోపమునకు గుఱియైనవాడు. చదివి ఊరికి తిరిగివచ్చునా యని అడుగుదుము. సుబ్బారావు 1922లో వెడలి 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూసెను, ఒక్కమారైనను స్వదేశమునకు తిరిగిరాలేదు. మనము సాధారణముగా పెట్టు మూడు పరీక్షలలోను అతడు తప్పియే యుండును.

రానిది మనిషి. వచ్చిన దేమియో చూడుడు. సుబ్బారావు యువకుడై యుండగా ఇద్దఱు సోదరులు స్ప్రూ అను గ్రహణిరోగమున కొలదిదినముల యెడములో మరణించిరి. కడుపులోని ఆహారము ఒంటికి పట్టక, రక్తము క్షీణించి చంపు వ్యాధి యది. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనతను లూసీ విల్స్ అను ఆంగ్లవనిత పరిశీలించి, ఈస్టు సారములో దానిని మాన్పు పదార్థమేదో కలదని 1931లో ప్రకటించెను. ఆ త్రోవనే ఎందఱో వెదకుచు పోయిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిన సుబ్బారావు పర్యవేక్షణలో పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధానమును సాధించెను. అది స్ప్రూకు ఔషధమైనది. నేడు మన గ్రామములలో గర్భవతులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నదియు అదియే. ఆ పరిశోధననుండియే పుట్టిన అమినోప్టెరిన్ అను ద్రవ్యముతో సిడ్నీ ఫార్బర్ 1948లో, రక్తపు కాన్సరుతో బాధపడు పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగింపగలిగెను.

వేఱొక సంగతి మన తీరవాసులకు మఱింత దగ్గఱిది. బోదకాలు మన కోస్తా జిల్లాల ప్రాతశత్రువు. ముఱుగునీటి దోమచే సోకు నీ వ్యాధికి డైఇథైల్‌కార్బమజీన్ అను ఔషధము 1947లో లెడర్లీనుండియే, సుబ్బారావు నాయకత్వమున వెలువడెను. 2004లో మన దేశప్రభుత్వము ఏటికొకమారు ఇంటింటికి ఈ మందు పంచు కార్యక్రమము నారంభించెను. ఆరోగ్య కార్యకర్త గుమ్మమున నిలిచి, తన యెదుటనే మ్రింగుమని అరచేతిలో పెట్టిన ఆ డి.ఇ.సి. మాత్ర మన చదువరులలో ననేకు లెఱుగుదురు. ఆ మాత్ర మ్రింగునపుడు మన మెవ్వరికిని చందా ఇయ్యలేదు. సత్యలింగనాయకరు పేరు తలపలేదు. భీమవరపు బాలుని జ్ఞాపకము చేసికొనలేదు. అయినను వారు మన ఇంటికి వచ్చిరి.

ఇచ్చట మేమొక హెచ్చరిక చేయవలసియున్నది. మాకు మేమే చేసికొనవలసియున్నది. మహాపురుషుల కథలు చెప్పి చందాలడుగుట సులభము. కాని వేతన మందుకొన్న ప్రతివాడును సుబ్బారావు కాడు. అట్టివా డొకడు పుట్టునని ఆశపెట్టి ధనము గూర్చినచో, మనము నడుపునది విద్యాసంఘము గాదు, లాటరీ యగును. మా వేతనములతో చదివినవారిలో నొకరు పొరుగూరి బడిలో భౌతికశాస్త్రము చెప్పుచున్నారు. ఒకరు మందుల కర్మాగారములో పరీక్షకుడై యున్నాడు. ఒకడు రెండవయేట చదువు మాని దుకాణము పెట్టుకొన్నాడు. ఆ మూడవవాని విషయమున సొమ్ము వ్యర్థమైనదా? ఫలమే ప్రమాణమైనచో వ్యర్థమే. ఋణము తీర్చుటయే ప్రమాణమైనచో కాదు. మనము చెల్లింపవలసినది అవకాశము, అది చెల్లించితిమి. రైతునకీ భేదము మనకంటె బాగుగ తెలియును. చెఱకు నాటినవాడు ఏడాదిలో గానుగ చూచును. తాటిటెంక పాతినవాడు ముంజె తినుదునని పాతడు. తాను తిన్న ముంజె మఱియెవ్వరో పాతినదని ఎఱిగి పాతును. అయినను టెంకను బండమీద పడవేయడు. తగిన నేల చూచి పాతి, మొలచువఱకు పశువులు త్రొక్కకుండ కంపవేయును. ఫలముపై హక్కు లేదనుట పనిలో శ్రద్ధ అక్కఱలేదనుట కాదు.

విజ్ఞానశాస్త్రమునకే ఏల, సంస్కృతము చదువువానికి వేతన మక్కఱలేదా యని మమ్మడిగినవారు గలరు. సంస్కృతముచేతనే అన్నము తినుచున్న మాకు ఈ ప్రశ్న సహజముగనే బాధాకరము. అక్కఱ కలదు, అట్టి సంఘములును పుట్టవలెను. కాని విజ్ఞానవిద్యార్థి దారి ప్రత్యేకముగా దీర్ఘమైనది. ఇంజనీరు పట్టమునకు నాలుగేండ్లు చాలును. ఉద్యోగ మెదుట కనుపించుచుండును, ఇంటివారు అప్పుచేసియైనను చదివింతురు. రసాయనశాస్త్రమో వృక్షశాస్త్రమో నమ్మినవాడు పట్టము, పై పట్టము, పరిశోధన యని పది సంవత్సరములు నడువవలెను. అంతకాలము సంపాదన లేని కొడుకును, అంతకంటె కష్టముగా పెండ్లి కాని కూతురును, పేదయిల్లు భరింపలేదు. మా ప్రక్కన వరాహనది యొడ్డునగల ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిణెపట్టి లక్కరంగులు పూసి బొమ్మలు చేయుదురు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఆకులనుండి, గింజలనుండి, బెరళ్లనుండి రంగు తీయుట రసాయనశాస్త్రము గాక మఱేమి? ఆ పని చూచుచు పెరిగిన పిల్ల, రంగు ఏల నిలుచును, ఏల వెలియును అని తెలిసికొనగోరి కళాశాలకు పోవుటకు, బస్సు ఖర్చును వసతిగృహపు ఖర్చును అడ్డు నిలుచుట మన మందఱము సిగ్గుపడవలసిన సంగతి.

ప్రభుత్వము చేయుటలేదా యందురు. చేయుచున్నది. కేంద్రప్రభుత్వము 2008లో ఇన్‌స్పైర్ అను పథకము నారంభించి, పన్నెండవ తరగతిలో తమ బోర్డునందు తొలి 1 శాతములో నిలిచి ప్రకృతివిజ్ఞానములు చదువబూనినవారికి ఏటికి 80,000 రూపాయల వేతన మేర్పఱచెను. మెచ్చదగిన పని. కాని తొలి శాతము దాటి నిలిచినవానిని ఆ చట్టము చూడలేదు. చట్టమునకు కన్నులు లేవు, కొలబద్ద మాత్ర మున్నది. పగలు బెల్లపు గానుగకడ పనిచేసి రాత్రి చదివిన బాలుని డెబ్బదియైదు మార్కులు, పట్టణమున ప్రత్యేక బోధన పొందిన బాలుని తొంబదియైదు మార్కులకు తీసిపోవని గుర్తింపగలవాడు వానిని ప్రతిదినమును చూచు ఉపాధ్యాయుడే. చిన్న సంఘముల పని యిదియే. ప్రభుత్వపు కొలబద్దనే మనమును పట్టుకొన్నచో మన మెందుకు?

అట్లని ఇచ్చువాడే ఎన్నుకొనుటలో వేఱొక ప్రమాదము గలదు. బంధుప్రీతి, కులాభిమానము, ముఖస్తుతి మెల్లగా ప్రవేశించును. ఈ విషయమున దూరదేశపు గృహిణులనుండి మనము నేర్చుకొనదగిన పాఠ మొకటి యున్నది. 1957 అక్టోబరు 4వ తేదీన రష్యనులు స్పుత్నిక్ అను తొలి కృత్రిమోపగ్రహమును ఆకాశమున నిలిపిరి. అమెరికా దేశము కలవరపడెను. మరుసటి సంవత్సరము, 1958లో, లాస్ ఏంజిలిస్ నగరపు స్త్రీలు కొందఱు చేరి విజ్ఞానవిద్యార్థులకు వేతనములు కూర్చుటకై యొక సంఘము స్థాపించిరి. ఆర్క్స్ ఫౌండేషన్ అను పేర నది నేటికిని నడచుచున్నది. పలు నగరములలో శాఖలు గలవు. పనిచేయువారు స్వచ్ఛంద సేవికలు. వారు ధనము కూర్తురు. విద్యార్థుల నెన్నుకొనుట విద్యాలయముల వంతు. కూర్చువారొకరు, ఎన్నువారొకరు. మొదట వారిని కదలించినది పరదేశముపై పోటీ కావచ్చును. అంత శుద్ధమైన ప్రేరణ కాదని అనవచ్చును. కాని వారేర్పఱచిన నియమము శుద్ధమైనది. మేమును దానినే అనుసరించితిమి. చందా వసూలు చేసినవారు ఎన్నికసభలో కూర్చుండరు. ఎన్నిక చేయువారు విద్యార్థులకు బంధువులై యుండరాదు.

ఇంత చెప్పిన మేము తప్పు చేయకపోలేదు. తొలియేట వేతనములను సభచేసి పంచితిమి. వేదిక, పూలదండలు, ధ్వనివర్ధకము, ఛాయాచిత్రకారుడు. ప్రతి విద్యార్థి పేరును, తండ్రి వృత్తియు, కుటుంబపు పేదఱికమును చదివి, దాత చేతిమీదుగా కవరు ఇప్పింపవలెనని ఏర్పాటు. దాతలకు సంతోషము కలిగినచో మరుసటియేడు మఱికొంత ఇత్తురని మా లెక్క. సభకు ముందునాటి సాయంకాలము ఒక విద్యార్థిని తల్లి మా ఇంటికి వచ్చి, గుమ్మములోనే నిలిచి, లోనికి రమ్మన్నను రాక యిట్లనెను. "మీరిచ్చేది కావాలి బాబూ. అది లేకపోతే పిల్ల చదువాగిపోద్ది. కానీ మా ఇంట్లో ఏం లేదో మైకులో సెప్పొద్దు. మా పిల్ల రానని ఏడుస్తన్నాది."

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఋషిఋణమని పెద్దమాటలు చెప్పు మేము, ఆ పిల్ల సిగ్గును వెలగా పుచ్చుకొని కవరు ఇయ్యబోయితిమి. అప్పు తీర్చుకొనువాడు అప్పులవానిని వేదిక యెక్కించి దండము పెట్టించుకొనునా? మఱునాడు సభ జరిగినది, కాని దాతల పేళ్లును, జమాఖర్చులును మాత్రమే చదివితిమి. నాటినుండి వేతనము నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాకు చేరును. లెక్క అందఱకు చూపుదుము. లేమి ఎవ్వరికి చూపము. ఛాయాచిత్రములు లేనందున ఇద్దఱు దాతలు మానుకొన్న మాట నిజమే. ఆ నష్టము భరింపదగినది.

మఱి పుచ్చుకొన్నవాని ధర్మ మేమి? వానికి బాధ్యతయే లేదని మా అభిప్రాయము కాదు. ఉద్యోగము దొరికినపిమ్మట తీసికొన్న మొత్తమును తిరిగి చెల్లింతునని విద్యార్థిచేత పత్రము వ్రాయించుకొందమని మా సంఘమున నొకరు ప్రతిపాదించిరి. ఈ వాదమున బలము లేకపోలేదు. తిరిగివచ్చిన సొమ్ముతో మఱియొకరు చదువుదురు గదా! కాని పత్రముచేత తీఱునది అప్పు. ఋషిఋణము పత్రమునకు లొంగదు. రూపాయలు లెక్కపెట్టి చెల్లించినవాడు తన బాకీ తీఱినదని తలంచి మనశ్శాంతితో కూర్చుండును. మేము వానికి ఆ శాంతి ఇయ్యదలచుకొనలేదు. పత్రము వ్రాయించుకొనలేదు. దానికి మాఱుగా, వేతన మందినవారికి సుబ్బారావు కథయు, సత్యలింగనాయకరు కథయు చెప్పి, నీ తరువాతివానిని చూడుమని మాత్రము చెప్పుదుము.

ఈ పద్ధతివలన కలిగిన ఫలమును దాచక చెప్పెదము. పూర్వము వేతన మందిన యొకడు ఏటేట తప్పక ధనము పంపుచున్నాడు. మఱియొకడు మంచి ఉద్యోగమున నుండియు, ఉత్తరమైనను వ్రాయలేదు. పండుగకు ఊరు వచ్చి మమ్ము చూచి తలత్రిప్పుకొని పోయెను. మాకు కోపము వచ్చినది. పదిమందిలో "కృతఘ్నుడు" అను మాటయు మా నోట వెడలినది. ఇంటికి వచ్చి ఆలోచింపగా, ఆ మాట మమ్మే పట్టియిచ్చినట్లు తోచినది. ఇచ్చినపుడు ఋణము తీర్చుకొంటిమని చెప్పుకొంటిమి. తిరిగిరానపుడు అప్పిచ్చినవారివలె అలిగితిమి. మా మనసులో షాహుకారు ఇంకను చావలేదన్నమాట. ఆ యువకుని విషయమున మాకు న్యాయముగా కలుగదగినది కోపము గాదు, వాడు తన తరువాతివానికి బాకీపడియున్నాడను విచారము. ఆ బాకీ అడుగు అధికారము మాకు లేదు. వాని యంతరాత్మకు కలదు.

విడిచిపోవువారిని గుఱించి యొకమాట. మా ఊరు హౌరా మదరాసు రైలుదారిపై నున్నది. చదివిన పిల్లలను తీసికొనిపోవు బండ్లు దినమునకెన్నియో ఆగును. కన్నవారి కన్నీరు మే మెఱుగనిది కాదు. ఊరికి దుఃఖించు హక్కు గలదు. కట్టివేయు హక్కు లేదు. పిల్లలు తిరిగిరావలెనన్నచో ఊరిలో వారికి పని యుండవలెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపింపబడినపిమ్మట జయపుర సంస్థానాధీశులు దానికి ఏటేట లక్ష రూపాయలిచ్చిరి. వాల్తేరులోని విజ్ఞాన సాంకేతిక కళాశాల విక్రమదేవుని పేర వెలసినది. అట్టి శాలలు పెరిగినకొలది విడిచిపోవలసిన యగత్యము తగ్గును. పిల్లలచేత ప్రమాణములు చేయించుటకంటె శాలలు కట్టుట మేలు.

ఇక ఆ చెఱకు రైతు ప్రశ్న మిగిలియున్నది. ఊరికేమి వచ్చును? మరుసటియేడు మరల ఆయన గుమ్మ మెక్కితిమి. ఈమాఱు మేమే యొక ప్రశ్న వేసితిమి. "తాతా, మీ పొలములో వేసిన చెఱకు రకము మీ తాతగారు వేసినదేనా?" కాదనెను. అనకాపల్లినుండి తెచ్చినదనెను. అనకాపల్లి వ్యవసాయ పరిశోధనాస్థానము 1913లో పుట్టినదనియు, దానికి ముందటియేట, 1912లో, కోయంబత్తూరున చెఱకు సంకరరకములు పుట్టించు శాల యారంభమై, 1918లో తన తొలి సంకరరకములలో నొకటి రైతుల కిచ్చినదనియు, అచ్చట బార్బరు, వెంకట్రామన్ అనువారు మన చెఱకును రెల్లుజాతి గడ్డితో కలిపి తెగుళ్లకును ఎద్దడికిని ఓర్చు మొక్కలు పుట్టించిరనియు చెప్పితిమి. వారు మన ఊరు చూచినవారు కారు. వారిని చదివించినవారికి మన పేరు తెలియదు. బోదకాలు మాత్ర సంగతియు చెప్పితిమి. "ఊరికేమి వచ్చునని అడిగితిరి. వచ్చినది తాతా. ముందే వచ్చినది. మనము చెల్లింపవలసియున్నది" అంటిమి.

ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత లోనికి పోయి డబ్బు తెచ్చి, మేము రసీదు వ్రాయబోవగా నవ్వి, "అయితే ఇరాళమని రాయకండి మాస్టారూ. పాత బాకీ కింద జమ రాసుకోండి" అనెను.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినదెల్ల ఆయన యొక్క వాక్యమున చెప్పెను. చదువరులారా, మీ యూళ్లలో ఇట్టి సంఘము లుండినచో సాయపడుడు. లేనిచో నలుగురు చేరి ప్రారంభింపుడు. పెద్ద నిధి అక్కఱలేదు. ఇంటి పద్దులలో పాలబాకీ, కిరాణాబాకీ వ్రాయు గృహిణులు, వాని క్రిందనే ఈ బాకీకి నొక పంక్తి విడువుడు. మీ వీధిలో చదువగలిగియు ఆగిపోయిన పిల్ల యెవ్వరో విచారింపుడు. ఇచ్చునపుడు ఆ పిల్ల ముఖము వాడకుండునట్లు ఇండు. ఇచ్చినపిమ్మట ఆమె యెచ్చటికి పోయినను, ఏమైనను, మీరు చెల్లించినది చెల్లినట్లే యని నమ్ముడు.